ఐదు కూజాలు, ఒక బిందె

చల్లగా గడవాల్సిన ఒక శనివారం సాయంత్రాన్ని, నోట్లో నాలుక లేని అల్లుడి పరువును, ఏడాదిగా నేను కాచుకుని కూర్చున్న పోచమ్మ పండుగను, ఈ మూడింటినీ ఒకే ఒక్క స్టీలు బిందెతో ముంచేయవచ్చని మీలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు. ముంచాకే తెలిసింది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వే ముందు మాత్రం మీ వంటింట్లో బిందె ఎక్కడుందో చూసుకుని, మీ అత్తగారికి అందకుండా పైన పెట్టి రండి.

ఇది జరిగి కొన్నేళ్లయింది. అప్పటికే నాకు అరవై దాటాయి. అరవై దాటితే మనిషికి బుద్ధి కుదురుతుందని ఎవరో అన్నారు. అన్నవాళ్లు నన్ను చూసి ఉండరు. చదవడం, రాయడం కూడా ఆ వయసులోనే నేర్చుకున్నాను. నాలుగు అక్షరాలు రాగానే లోకమంతా అర్థమైపోయిందనుకున్న మనిషిని నేను.

మాది కల్లు గీసే ఇల్లు. మా ఆయన చెట్టెక్కి కల్లు నిండిన కుండలు, అదే లొట్లు, దించేవాడు, నేను కింద గుడిసెలో కూర్చుని వచ్చినవాళ్లకు పోసేదాన్ని. ఆయన పోయాక నా బిడ్డ సుజాత నన్ను కోకాపేటలో తన ఫ్లాటుకు తెచ్చుకుంది. సుజాత, అల్లుడు మురళి ఇద్దరూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తారు. మురళి భీమవరం వైపు మనిషి. ఎంత మెత్తనివాడంటే, కోపం వచ్చినా చివర "అండి" తగిలించి కోప్పడతాడు.

మా సముదాయంలో ఐదు టవర్లు. వాటి వెనక, జనరేటర్ షెడ్డు పక్కన ఒక వేపచెట్టు, దాని కింద పోచమ్మ రాయి. టవర్లు లేవకముందు నుంచీ ఉన్న అమ్మవారు. కట్టినవాళ్లు అంతా చదును చేసి, అక్కడికొచ్చేసరికి ధైర్యం చాలక వదిలేశారు. ఆషాఢంలో ఆ తల్లికి డప్పుతో బోనం తీయాలని నా కోరిక. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్ల భార్యలు అందరూ నాతోనే. కానీ అసోసియేషన్ ఒప్పుకోలేదు. డప్పు శబ్దమట, గుంపట, లిఫ్టులో పసుపు నీళ్లు కారతాయట.

అసోసియేషన్ అంటే అసలు ఒక్క మనిషే. సెక్రటరీ కామేశ్వరి గారు. రాజమండ్రిలో పుట్టి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె ఊ అననిదే మా టవర్ల మీద పావురం కూడా వాలదు. ఆ కామేశ్వరి గారే మా దగ్గర వైన్ సర్కిల్ అని ఒకటి మొదలుపెట్టారు. నెలకొకసారి ఒకరి ఇంట్లో చేరి, చెరువంత గ్లాసులో చెంచాడు ఎర్ర వైన్ పోసుకుని, దాని గురించి గంట మాట్లాడతారు. మా గుడిసెలో అయితే ఆ గంటలో ముగ్గురు తాగి, ఇద్దరు కొట్టుకుని, ఒకరు పాడి ఇంటికి పోయేవాళ్లు.

ఆ నెల వంతు మా ఇంటికి వచ్చింది.

"అత్తయ్యగారూ, శనివారం మేడం మనింటికే వస్తున్నారండి" అన్నాడు మురళి.

"రానీ బిడ్డా. బోనాల ముచ్చట నేనే అడుగుత."

"మీరు మాత్రం అడక్కండి. మీరు అడిగితే అడిగినట్టుండదు, కొట్టినట్టుంటుంది. ఆవిడ సంతోషంగా ఉన్నప్పుడు చూసి నేనే మెల్లగా కదుపుతాను."

సుజాత నా రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నీకు దండం పెడ్త. ఆమె మంచిగ ఖుష్ అయిపోతే నీ బోనాలు అయితయ్. ఆ ఒక్క పూట జర మంచిగుండు."

"నేనెప్పుడు చెడ్డగున్ననే?"

ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. బయట ఏమీ లేదు, మేఘాలు తప్ప.

శనివారం మధ్యాహ్నం నుంచే మురళి హడావుడి. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు ఐదు సీసాలను తుడిచాడు, మూతలు తీశాడు, ఐదు గాజు కూజాల్లోకి వంచాడు. ఆ కూజాలు పొట్ట వెడల్పు, మెడ సన్నం, అచ్చం మా పెద్ద బావగారిలా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక అంకె అంటించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఖాళీ సీసాలు తీసుకెళ్లి బీరువాలో దాచి తాళం వేశాడు. వట్టి సీసాలకు తాళమేమిటో నాకర్థం కాలేదు.

"మూతలు పెట్టవా బిడ్డా? ఈగలు పడ్తయ్."

"పెట్టకూడదండి. అది గాలి పీల్చుకోవాలి."

"ఏంది? సీసలున్నది గాలి పీలుస్తదా?"

"గంటసేపు పీలిస్తే రుచి విచ్చుకుంటుందండి. మీరు కాస్త చూస్తూ ఉండండి, నేను కిందికెళ్లి చీజూ బ్రెడ్డూ తెస్తాను."

చూస్తూ ఉండమన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట అక్షరాలా పాటించి ఉంటే ఈ కథే లేదు. ఏం చేస్తాం? నన్ను ఊరికే చూస్తూ ఉండమనడం, పిల్లిని పాలకు కాపలా పెట్టడం కన్నా అన్యాయం. పిల్లి పాలు తాగి ఊరుకుంటుంది. నేను బాగుచేస్తాను.

మురళి లిఫ్టెక్కాడు. సుజాత లోపల చీర మారుస్తోంది. నేను కూజాల ముందు కూర్చుని చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ నాకు చిరాకు పెరిగింది. ఒకదాంట్లో మెడదాకా ఉంది, ఒకదాంట్లో సగమే. ఒకటి నల్లగా ఉంది, ఒకటి పలచగా. పైగా అంకెలు! ఎందుకీ అంకెలు? ఆలోచించాను. నా బుర్రకు వెంటనే తట్టింది. (నా బుర్రకు వెంటనే తట్టినవేవీ ఇంతవరకు నిజం కాలేదు, అది వేరే సంగతి.) ఒకటో నంబరు సెక్రటరీ మేడానికి. రెండోది ఆమె తర్వాత పెద్ద ఉద్యోగస్థుడికి. అలా దిగుతూ దిగుతూ ఐదో నంబరు, ఆ సగం కూజా, చివర కూర్చున్నవాళ్లకు. మనిషి స్థాయిని బట్టి పోస్తారన్నమాట!

నాకు ఒళ్లు మండింది. నా గుడిసె గుర్తొచ్చింది. పోతుతాటి కల్లు ఒక రుచి, పండుతాటి కల్లు ఒక రుచి, ఎదిగిన చెట్టుది ఒకటి, లేత చెట్టుది ఒకటి. వచ్చినవాళ్లకు ఆ తేడా తెలిస్తే ఇక అంతే. "పటేలుకు ఆ చెట్టుది పోసి, మాకు ఈ చెట్టుది పోస్తవా?" అని ముంతలు పగిలేవి. అందుకే మా అత్త నేను కాపురానికి వచ్చిన తెల్లారే చెప్పింది. ఏ చెట్టు నుంచి దిగినా ముందు ఒకటే కుండలో పడాలి, కలియబెట్టాలి, అప్పుడే మనిషి ముంతలోకి పోవాలి. పటేలుకూ అదే, పాలేరుకూ అదే. మా దుకాణానికి ఊళ్లో ఉన్న మర్యాదంతా ఆ కుండదే.

అల్లుడు చిన్నవాడు, పోయడం తెలియదు. ఇంటికి మాట రాకూడదు. ముఖ్యంగా ఈ రోజు రాకూడదు.

లేచి స్టీలు బిందె తెచ్చాను. పలచని గుడ్డ కట్టాను. ఐదు కూజాలూ ఒకదాని తర్వాత ఒకటి వంపేశాను. గుడ్డలో చీమలు లేవు, తేనెటీగలు లేవు, అడుగున ఏదో నల్లటి మడ్డి మాత్రం దిగింది. చూశావా, వడగట్టను కూడా లేదు అనుకున్నాను. గరిటెతో బాగా కలియబెట్టి, చుక్క నాలుక మీద వేసుకున్నాను. చింతపండు పులుసులో తుప్పు మేకు నానబెట్టినట్టుంది. పాపం, ఇదా వీళ్లు తాగేది? సరే, ఎవరి ఖర్మ వాళ్లది. మళ్లీ ఐదు కూజాల్లోకీ పోశాను. ఎలా పోశాను! గీత గీసినట్టు ఐదూ ఒకే మట్టానికి. బిందె కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ఏమీ తెలియనిదానిలా కాదు, అంతా తెలిసినదానిలా కూర్చున్నాను.

చీజు పట్టుకొచ్చిన మురళి కూజాల వైపు చూసి ఒక క్షణం ఆగాడు. "సమానంగా పోసినట్టున్నానే" అని తనలో తనే మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

అందరూ వచ్చారు. కామేశ్వరి గారు గంజి పెట్టిన నేత చీరలో గీతలు లేని కాగితంలా వచ్చి సోఫా మధ్యలో కూర్చున్నారు. ఆమె పక్కన ప్రసాద్ గారు. ఈయన ఆఫీసు పనిమీద దేశాలు తిరిగే మనిషి. ఏ మాట మొదలుపెట్టినా విమానాశ్రయంలోనే మొదలవుతుంది. ఎదురుగా మా సిద్దిపేట వైపు పిల్ల శ్వేత, సుజాత కంపెనీలోనే పనిచేస్తుంది. ఇంకో నలుగురైదుగురు. నేను గారెల పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మురళి గొంతు సవరించుకున్నాడు. "ఈరోజు ఐదు చోట్ల నుంచి ఐదు వైన్లండీ. ఏది ఏదో నాకొక్కడికే తెలుసు."

పాపం పిచ్చివాడు. అప్పటికి అతనికీ తెలియదు.

"వాసన చూడండి, నోట్లో తిప్పండి. ఐదింటికీ మధ్య తేడా పట్టుకోవడమే మన పని. తేడా మాత్రమే చూడాలి."

నా చేతిలో పళ్లెం ఒరిగింది. రెండు గారెలు కింద పడ్డాయి. తేడా మాత్రమే చూడాలా? తేడా కోసమే కూర్చున్నారా వీళ్లంతా? తేడా వద్దని నేను నలభై ఏళ్లు కుండ కలిపాను, వీళ్లు తేడా కావాలని చీరలు కట్టుకుని వచ్చారు!

మెల్లగా మురళి వెనక్కి చేరాను. "బిడ్డా, ఒక్క ముచ్చట."

"తర్వాతండి అత్తయ్యగారూ."

"తర్వాతైతే బాగుండదు."

"గారెలు తర్వాతే బాగుంటాయండి. ముందు నోరు శుభ్రంగా ఉండాలి."

సుజాత వైపు కళ్లతో సైగ చేశాను. అది పళ్లు బిగించి నవ్వింది. "అమ్మా, ఇప్పుడు బోనాల మాట ఎత్తకు."

"బోనాలు కాదే, బిందె..."

"ఏ బిందె? పో, పోయి కూర్చో."

పోయి కూర్చున్నాను. చెప్పబోయాను కదా, మీరే సాక్షి.

మొదటి కూజా అయింది, రెండోది పోశారు. ప్రసాద్ గారు కళ్లు మూసుకుని, గ్లాసులో ముక్కు మొత్తం దూర్చి లేచారు. "అబ్బ! మొదటిది నేరేడు పండండీ. ఇది పూర్తిగా వేరు. పొగాకు ఉంది. పాత తోలు ఉంది."

"అవును సర్, నాకు కూడా తోలు వస్తుంది" అంది శ్వేత.

ఆ మూల నుంచి ఇంకొకాయన, "నాకూ తోలేనండీ" అన్నాడు. తోలు కళ్లకలక లాంటిది. ఒకరికి వస్తే గదంతా వస్తుంది. నా గుడిసెలో ఎవడైనా ముంతలో తోలు వాసన వస్తోందంటే చెప్పు విప్పి కల్లులో పెట్టావా అని అడిగేదాన్ని. వీళ్లు తలలు ఊపి మెచ్చుకుంటున్నారు. మూడోదాంట్లో మిరియాలు దొరికాయి. నాలుగోదాంట్లో వానకు తడిసిన మట్టి. మురళి అన్నీ తెలిసిన గురువులా ముసిముసిగా నవ్వుతున్నాడు.

కామేశ్వరి గారు ఒక్కమాటా మాట్లాడలేదు. ఐదోది కూడా తాగి, వెనక్కి వెళ్లి మొదటిది మళ్లీ తాగారు. మూడోది మళ్లీ తాగారు. చివరకు గ్లాసు కింద పెట్టి, "మురళి గారూ, నాకు ఐదూ ఒకేలా ఉన్నాయండీ" అన్నారు.

ప్రసాద్ గారు తన గ్లాసు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగారు.

"ఒకేలానా మేడం?" ప్రసాద్ గారు జాలిగా నవ్వారు. "మీరేనా ఈ మాట అంటున్నది? మాకందరికీ నేర్పింది మీరే కదండీ."

"ఉన్నమాట చెప్తున్నాను."

"పోయిన నెల మీకు జ్వరం వచ్చింది కదా. కొంతమందికి నాలుక మొద్దుబారిపోతుందట. వయసు కూడా ఉంటుంది కదండీ. ఫరవాలేదు, వచ్చే నెల నుంచి సర్కిల్ నేను చూసుకుంటాను లెండి, మీరు హాయిగా కూర్చోండి."

అందరూ అయ్యో అన్నారు. ఎవరో ఒక డాక్టరు పేరు చెప్పారు. కామేశ్వరి గారు మంచినీళ్లు తాగి వస్తానని లేచి, వంటింట్లోకి నడిచారు.

నేను వెనకే వెళ్లాను. ఆమె నీళ్లు తాగడం లేదు. ఉప్పు డబ్బా తెరిచి చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. నా గోంగూర పచ్చడి జాడీలో వేలు పెట్టి నాకారు. నన్ను చూసి దాచుకోలేదు కూడా.

"ఈదమ్మగారూ, ఇది పుల్లగా ఉండాలా?"

"నాలుక తెగేంత పుల్లగుండాలె మేడం."

"ఉందనే అనిపిస్తోందండీ. కానీ నిజంగా తెలుస్తోందా, గుర్తుండి అనుకుంటున్నానా అని..." ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు. అద్దాలకు తడి లేదు. "మా అమ్మకు చివర్లో ఇలాగే మొదలైందండీ. ముందు రుచి పోయింది. తర్వాత మనుషుల పేర్లు."

చూడండి, నా కష్టం ఎలాంటిదో. నోరు మూసుకుంటే ఈమె రేపు పొద్దున్నే దవాఖానకు పోతుంది, రాత్రంతా నిద్రపోదు. నోరు తెరిస్తే అల్లుడి పరువు పోతుంది, నా బోనం ఈ ఏడాదికే కాదు, ఈ జన్మకు పోతుంది. లోపలి నుంచి పోచమ్మ ఒకవైపు లాగుతోంది, గోంగూర జాడీ ముందు నిలబడ్డ ఈ మనిషి ఇంకోవైపు. పోచమ్మకు ఏడాది ఆగడం కొత్తేం కాదు. ఈమె మాత్రం ఇంకో నిమిషం ఆగేలా లేదు.

"మేడం, మీ నాలుకకు ఏం కాలే. ఐదు ఒక్కటే."

"నన్ను ఓదార్చకండి ఈదమ్మగారూ."

"ఓదారుస్తలేను. ఓదార్చుడు నాకు రాదు. నేనే కలిపిన. గీ బిందెల పోసి, గీ గరిటెతోని తిప్పిన."

ఆమె బిందె వైపు చూశారు. గరిటె వైపు చూశారు. "ఐదూనా?"

"ఐదు."

"ఎందుకు?"

"మీకొకటి, మాకొకటి పోస్తరని ఒళ్లు మండింది. అందరికి ఒక్కతీరు ఉండాలని కలిపిన. తేడా చూసుడే మీ పని అని నాకు ఎవ్వరు చెప్పలే. చెప్పి సావొచ్చు కద!"

కామేశ్వరి గారు గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఏడుస్తున్నారేమో అని దగ్గరికి పోయాను. భుజాలు ఊగేంతగా నవ్వుతున్నారు. నవ్వి నవ్వి, ముఖం కడుక్కుని, చీర మడతలు సర్దుకుని, పరీక్షపత్రం పంచడానికి వెళ్తున్నట్టు హాల్లోకి నడిచారు. నన్నూ రమ్మన్నారు.

"ప్రసాద్ గారూ, రెండోదాంట్లో ఏమన్నారు?"

"తోలు మేడం. పాత తోలు. మీకు తెలియకపోవచ్చు."

"నాలుగోదాంట్లో ఉందా అది?"

"ఛ! నాలుగోదాంట్లో చూద్దామన్నా లేదు."

"ఈదమ్మగారూ, ఇక చెప్పండి."

చెప్పాను. దాచుకుంటూ, నీళ్లు నములుతూ చెప్పడం నాకు రాదు. బిందె, గుడ్డ, గరిటె, అన్నీ వరసగా చెప్పాను. గుడ్డలో దిగిన మడ్డి గురించి కూడా చెప్పాను, శుభ్రత కోసం.

మొదట మాట్లాడింది శ్వేత. "అసలు నాకు తోలు రాలే ఆంటీ. సర్‌కు వచ్చిందని నేను కూడా అన్న." ప్రసాద్ గారు మాత్రం తగ్గలేదు. "కలిపితే కలిపారు, నాకు మాత్రం వేరువేరుగానే తెలిశాయండీ" అని ఈరోజుకీ అంటున్నారు.

మురళి కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "అత్తయ్యగారూ, ఆ ఐదోది ఎక్కడి నుంచి తెప్పించానో తెలుసాండి?"

"తెల్వదు బిడ్డా. ఇప్పుడైతే బిందెలకెళ్లే."

"నేనేమీ అనట్లేదండి" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు, భోజనం దగ్గర, లిఫ్టులో, బాల్కనీలో, ఎదురుపడినప్పుడల్లా "నేనేమీ అనట్లేదండి" అంటూనే ఉన్నాడు. అరిచి ఉంటే ఒక్కరోజుతో పోయేది. ఈ మెత్తని మనుషులతో ఇదే బాధ. సుజాత మాత్రం బిందెను తన గదిలో మంచం కింద పెట్టుకుంది.

ఇక బోనం సంగతి ముగిసిందనుకున్నాను. ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగులో కామేశ్వరి గారు లేచి, "ఈ ఏడాది బోనాలు జరుపుదాం. డప్పు కూడా ఉంటుంది" అన్నారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. అయితే వెంటనే గొడవ మొదలైంది. మా టవర్ బోనం ముందు నడవాలంటే మా టవర్ బోనం ముందు నడవాలని ఐదు టవర్లవాళ్లూ లేచి అరుచుకున్నారు. నిన్నటిదాకా డప్పు వద్దన్నవాళ్లే! కామేశ్వరి గారు వాళ్లను చూశారు. తర్వాత మెల్లగా తల తిప్పి నన్ను చూశారు.

"ముందూ వెనకా లేదు. ఒకటే బోనం. ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు బియ్యం రావాలి. అన్నీ ఒకటే కుండలో వండాలి. ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అనే మాట ఉండకూడదు. ఈదమ్మగారే వండి, ఈదమ్మగారే ఎత్తుతారు. ఆవిడ పద్ధతే కదండీ!"

వచ్చిన బియ్యం చూసి నాకు కళ్లు తిరిగాయి. ఒకరిది బాస్మతి. ఒకరిది దంపుడు బియ్యం. డాక్టరు చెప్పాడని ఒకరు కొర్రలు పంపారు. ఇంకొకరు ఓట్స్ పంపారు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం వద్దన్నారు, లేనివాళ్లు రెండింతలు వేయమన్నారు. ప్రసాద్ గారు ఏదో దేశం నుంచి తెచ్చిన నల్లబియ్యం పంపి, దీని రుచే వేరని కబురు చేశారు. కుండ ఉడికింది, ఉడికింది, ఉడుకుతూనే ఉంది. కింద మాడింది, పైన గంజి, మధ్యలో పలుకు. దాన్ని నెత్తిన పెట్టుకుంటే తడి సిమెంటు మోసినట్టే ఉంది. డప్పు మోగుతోంది, ఆడవాళ్లు ఆడుతున్నారు, నేను మాత్రం మెడ ఎప్పుడు విరుగుతుందా అని లెక్కపెట్టుకుంటూ వేపచెట్టు దాకా నడిచాను. పోచమ్మ ముందు కుండ దించి, తల్లీ, తప్పు నాది కాదు, నాదే, అని చెంపలేసుకున్నాను.

మొదటి ప్రసాదం కామేశ్వరి గారికే పెట్టాను. ఆమె ముద్ద నోట్లో వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. ఒక చెంప నుంచి ఇంకో చెంపకు తిప్పారు. చాలాసేపు తిప్పారు.

"ఎట్లుంది మేడం?"

"అన్నీ తెలుస్తున్నాయండీ ఈదమ్మగారూ" అన్నారు ఆమె, కళ్లు తెరవకుండానే. "ఒక్కొక్కటీ. విడివిడిగా."

అందుకని, ఆ వేపచెట్టు సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ చేతులతో లోకంలో ఏ రెండింటినీ ఇక కలపను. ఎవరింట్లోనైనా రెండు గిన్నెలు పక్కపక్కన కనబడితే చేతులు వెనక్కి కట్టుకుని బయటికి నడుస్తాను. ఇంట్లో కూడా ముందు అన్నం తింటాను, ఆ తర్వాత పప్పు తాగుతాను. లోపలికి పోయాక అవి రెండూ కలుసుకుంటే అది వాటి ఇష్టం, నన్ను అడగవద్దు.